పోఖరాలో రెండు గదుల కోసం గుర్గావ్ దాకా

2008 నవంబరు 8, శనివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం కరోల్ బాగ్ బస్టాపులోనే ఎదురైంది. రానంటే రానని వారంగా భీష్మించుకు కూర్చున్న సామ్యూల్ అంకుల్ మాకంటే ముందే వచ్చి, స్టీలు క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నైట్ డ్యూటీ దిగి నాతో నేరుగా వచ్చిన ఆయన భార్య కరుణ ఆంటీ, "రానన్నారుగా?" అంది. "మీరిద్దరూ దారి తప్పుతారని," అన్నారాయన.

ఆంటీ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. కోచింగ్‌కి వచ్చిన కొత్తలో నేను జ్వరంతో పడుంటే, గంజి కాచి తెచ్చింది ఆవిడే. ఈ నెలాఖరుకి రిటైరవుతుంది, ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇందిరాపురంలో అద్దెలు చూస్తే ఇద్దరి పెన్షన్లో సగం వాటికే పోయేలా ఉంది. సొంతూరు కాకినాడలో వాళ్లకిప్పుడు ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఒకప్పుడు ఆంటీ వార్డులో ఆయాగా చేసిన మాయా దీదీది నేపాల్. పోఖరాలో తన ఇంటి మేడ మీద రెండు గదులు ఇక్కడి అద్దెలో నాలుగో వంతుకి ఇస్తానంది. ఇప్పుడామె గుర్గావ్‌లో కొడుకింట్లో ఉంది. రేపు సాయంత్రం ఆమె ఊరికి బస్సెక్కేలోగా అవునో కాదో చెప్పకపోతే, ఆ గదులు ఇంకెవరికో ఇచ్చేస్తుంది. ఆంటీకి వెళ్లాలనే ఉంది, ఒప్పుకోవాల్సింది అంకులే.

ధౌలా కువాఁ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ జీపు, మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవరు క్యారియర్ వైపు చూసి, "ఏం తెచ్చారు అంకుల్ జీ, పరాఠాలా?" అన్నాడు.

"అన్నం, పప్పు."

"పొద్దున్నే అన్నమా?" జీపంతా నవ్వింది.

అంకుల్ క్యారియర్‌ని ఒళ్లోకి లాక్కున్నారు. అన్నం తిని ఆఫీసుకెళ్లడం ఆయనకి చిన్నప్పుడు ఇంట్లో అబ్బిన అలవాటు. "ముప్పై ఏళ్లుగా ఈ ఊరికి ఇదే చెప్పుకుంటున్నానమ్మాయ్," అన్నారు నాతో మెల్లగా. "ఈ వయసులో ఇంకో దేశం పోయి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలా?" మకాం మార్చడం అంటే సామాను సర్దడమేనని నేను అప్పటిదాకా అనుకున్నాను.

అద్దాల మేడల వెనక ఇరుకు సందులో మాయా దీదీ కొడుకు ఇల్లు. అంకుల్ క్యారియర్‌ని కుర్చీ కిందకి తోసేశారు. చాయ్, బిస్కట్లు వస్తాయనుకున్నాం. పది కాగానే దీదీ పెద్ద కంచాల్లో అన్నం, పప్పు, ఆకుకూర, ముల్లంగి పచ్చడి తెచ్చి పెట్టింది.

"మా కోసం ఇంత పొద్దున్నే వండావా?" అన్నారు అంకుల్.

"మీ కోసమేంటి సాబ్? మా ఊళ్లో అన్నం వేళే ఇది. తినేసి పనులకి పోతాం. మీరు తినరా?"

అంకుల్ వంగి క్యారియర్ బయటికి తీసి, గోంగూర పచ్చడి గిన్నె ఆమె ముందు పెట్టారు. దీదీ నోట్లో వేసుకుని, దగ్గి, కళ్లు తుడుచుకుంది. "ఠీక్ హై. మేడ మీద కూర్చుని దీన్ని మీరే తినండి. కిందకి మాత్రం తేవద్దు."

అంకుల్ గట్టిగా నవ్వారు. మెట్లకి పట్టుకునే రెయిలింగ్ ఉందా, దగ్గర్లో చర్చి ఉందా అని అడగడం మొదలుపెట్టారు. ఆంటీ తలదించుకుని అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద మాత్రం నోటికి పోవడం లేదు.

తిరుగు జీపులో ఆంటీ ఆయన భుజమ్మీద నిద్రపోయింది. పరాయి దేశంలో బతకాలంటే ధైర్యం కావాలనుకునేదాన్ని. మన అలవాటుని చూసి ఎవరూ నవ్వని ఒక్క ఇల్లు దొరికినా చాలునేమో. నన్ను వెంట తీసుకెళ్లినందుకు ఆ ఇద్దరికీ, ఆ కంచానికీ రుణపడి ఉన్నాను.

నేపాల్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక్క మాట. మనకి వీసా అక్కర్లేదు గానీ ఓటరు కార్డు దగ్గరుంచుకోండి. అక్కడ మన ఐదొందల నోట్లు తీసుకోరట, వంద నోట్లే పట్టుకెళ్లండి.

రేపు పొద్దున చర్చికి బయల్దేరే ముందు దీదీకి తనే ఫోన్ చేసి సరేనని చెబుతానన్నారు అంకుల్. నన్ను తొమ్మిదింటికల్లా రమ్మన్నారు, అన్నానికి.