అత్త పేరున ఉదయం ఆట

మా అన్నయ్యకు చెవులు వినపడవు. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరంతో పోయాయని అమ్మ చెప్పేది. అన్నం, నీళ్ళు, బడి, నాన్న వచ్చాడు, దీపం ఆర్పు. ఇంట్లో అతనితో మాకున్న మాటలు ఇంచుమించు ఇవే. వీటికి సరిపడా సైగలు మా దగ్గర ఉండేవి. అంతకు మించి చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటుందని మాకెవరికీ తోచేది కాదు.

అందుకే ఒక ఆదివారం సాయంత్రం అతను మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి సినిమా కథ చెప్పడం మొదలుపెట్టేసరికి తెల్లబోయాం. ఆ సినిమా నేను కూడా చూశాను. తమ్ముడు అన్నను అనుమానించడం, వదిన అలిగి పుట్టింటికి వెళ్ళడం, అక్కడ ఆమెకు అసలు సంగతి తెలియడం, అన్నీ సరిగ్గానే చెప్పాడు. కొట్లాట అంటే తెర మీద కనిపిస్తుంది. అనుమానం ఎలా కనిపించింది ఇతనికి? ఎవరు చెప్పారని అడిగితే, లేని గాజుల్ని మణికట్టు నుంచి మోచేతి దాకా పైకి తోసుకున్నట్టు చేసి చూపించాడు. అది మా వీధి చివర ఇంట్లో ఉండే అత్త పేరు. ఆమె మాట్లాడబోయే ముందు ఎప్పుడూ గాజులు అలా పైకి తోసుకునేది.

ఆమె మాకు చుట్టమేం కాదు. వన్‌టౌన్‌లో మా వీధి పిల్లలందరికీ అత్తే. ఆమె భర్త, మా మావయ్య, పోర్టులో క్రేను డ్రైవరు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆదివారం మ్యాట్నీకి వెళ్ళకపోతే ఆమెకు తోచదని వీధంతా అనుకునేది. మా అన్నయ్యను వెంట తీసుకెళ్తుందని తెలుసు. తోడు కోసం కాబోలు అనుకున్నాం.

మరుసటి ఆదివారం నేనూ బయల్దేరాను. హాలు గేటు దగ్గర ఇంకో ఇద్దరు కలిశారు. ఒకడు అత్తరు కొట్టు సాయిబు గారి అబ్బాయి, ఇంకొకతె రేవు వైపు నుంచి వచ్చే చేపల వాళ్ళ అమ్మాయి. ఇద్దరికీ వినపడదు. అత్త గోడ వారగా బెంచీ చివర కూర్చుంది. చీకట్లో ఈమె చేతులు వీళ్ళకెలా కనిపిస్తాయా అని నాకు ముందే అనుమానం. ఆట మొదలయ్యాక అర్థమైంది. ఆమె వీళ్ళకేసి తిరగలేదు, తెరకేసే తిరిగి కూర్చుంది. తెర మీది వెలుగంతా ఆమె ముఖం మీదా చేతుల మీదా పడుతోంది. ముగ్గురూ ఒకసారి తెర వంక, ఒకసారి ఆమె వంక చూస్తున్నారు. పాట వస్తే ఆమె మాటలు చెప్పేది కాదు. పక్కనున్న అన్నయ్య మోకాలి మీద దరువు వేసేది, అతను దాన్ని పక్కవాడికి అందించేవాడు. అది బెంచీ చివర వరకూ వెళ్ళేది. తాళం కొంచెం ఆలస్యంగా చేరేదేమో, చేపల వాళ్ళ అమ్మాయి తల మాత్రం ఎప్పుడూ మిగతావాళ్ళ తర్వాత ఊగేది.

ఆ రోజు నేను తెర వంక చూసింది తక్కువ.

ఇంటికి వచ్చే దారిలో ఉండబట్టలేక అత్తను అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని.

"నేర్సుకోడం ఏటే? మాయమ్మకి సెవులు లేవు. సబ్బవరం కాడ మా ఊర్లో దానికి లోకమంతా నానే సెప్పేదాన్ని," అంది. శుక్రవారం నాడే మొదటి ఆటకు ఒక్కతే వెళ్ళి కథంతా చూసి పెట్టుకునేదట. లేకపోతే ముందు ఏం జరుగుతుందో తెలీక చేతులు తడబడతాయంది.

తర్వాత చాలా ఆదివారాలు వాళ్ళతో వెళ్ళాను. మెల్లగా నాకూ ఆ భాష కొంత అబ్బింది. ఇంట్లో అన్నయ్యకూ నాకూ కబుర్లు మొదలయ్యాయి. అతనికి పోర్టులో ఓడల గురించి ఎన్ని అనుమానాలున్నాయో, నాన్న అంటే ఎంత భయమో అప్పుడే తెలిసింది.

ఒక్క సంగతి మాత్రం వింతగా ఉండేది. కొన్ని సినిమాల్లో మూగవాడి వేషం ఒకటి వచ్చేది. అతను బ్బె బ్బె అంటూ చేతులు ఆడిస్తే హాలంతా నవ్వేది. సరిగ్గా అప్పుడే అత్త చేతులు దించేసి, ఒళ్ళోని పొట్లం విప్పి వేయించిన శనగలు పంచడం మొదలుపెట్టేది. పిల్లలు దోసిళ్ళు పట్టి ఆమె వంకే చూసేవాళ్ళు. ఆ ఘట్టం దాటిపోయేది. నేను గమనించాను గాని ఆమెను ఎప్పుడూ అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. ఊరి అవతల స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో అన్నయ్యకు ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు పని దొరికింది. సాయిబు గారి అబ్బాయి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. చేపల వాళ్ళ అమ్మాయి పెళ్ళయి పెందుర్తి వెళ్ళి, అక్కడ జాకెట్లు కుట్టేది. అత్తకు కామెర్లు వచ్చాయి. పసరు మందు వాడారు, ఆసుపత్రిలో పెట్టారు, మనిషి దక్కలేదు.

పదోరోజు దగ్గర పడుతుండగా ముగ్గురూ ఆమె ఇంటికి వచ్చారు. నన్ను కూడా రమ్మన్నారు, తాము చెప్పేది మావయ్యకు వినిపించడానికి. ఆయన అప్పటికే గుడికి ఇవ్వడానికి ఒక ఇత్తడి గంగాళం కొని, దాని మీద ఆమె పేరు చెక్కించాడు. అది చూపించాడు. అన్నయ్య దాన్ని తాకి, బాగుందన్నట్టు తల ఊపి, తర్వాత తమ మాట చెప్పాడు. నేను వినిపించాను. అత్త పేరున వినపడని పిల్లలకు ఒక ఆట ఇస్తాం, హాలు మాట్లాడతాం, మా జీతాల్లోంచే పెట్టుకుంటాం.

మావయ్యకు అర్థం కాలేదు. సినిమా ఎందుకన్నాడు. నేను ఆదివారాల సంగతంతా చెప్పాను, గోడ వార బెంచీ, మోకాళ్ళ మీద దరువు, శుక్రవారం మొదటి ఆట.

"దానికి సినిమా పిచ్చనుకున్నానమ్మా నాను," అన్నాడు. "సుక్కురారం ఓ పాలి, ఆదోరం ఓ పాలి అదే సినిమా సూత్తే తిట్టీవోణ్ణి కూడా. ఈల్లకి కత సెప్తందని ఒక్కనాడూ అన్లేదు."

అన్నయ్య చేతుల వంక చూస్తూ అన్నాడు: "ఓడ కాడా ఇంతే. కింద నించున్నోడి సెయ్యి సూసే నాను క్రేను తిప్పేది. ఆ గోలలో మాటెవడికి ఇనపడతాది? ఇన్నేల్లూ ఇంట్లో ఇద్దరం అదే పని సేసేం గావాల."

ఆయన సరేనన్నాడు. గంగాళం గుడికే వెళ్ళింది. ఆట కూడా ఉండాలన్నాడు.

సినిమా ఏదన్న ప్రశ్న వచ్చింది. నేను జాగ్రత్తగా ఆలోచించి, మూగవాడి వేషం లేని సినిమా చూద్దామన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. సాయిబు గారి అబ్బాయి చెప్పాడు, శనగల సంగతి తమకు చిన్నప్పుడే తెలుసని. ఒకసారి అతను దోసిలి పట్టి కూడా ఓరగా తెర చూశాడట, మిగతా ఇద్దరికీ చెప్పాడట. అత్తకు తెలిస్తే బాధపడుతుందని, పొట్లం విప్పగానే ముగ్గురూ బుద్ధిగా ఆమె వంకే చూసేవాళ్ళట. నేను ఆ మాట మావయ్యకు వినిపించాలా వద్దా అని ఆగాను. వినిపించమని అన్నయ్యే భుజం తట్టాడు.

హాలు మేనేజరు ముందు ఒప్పుకోలేదు. ఇనపడనోళ్ళకి సినిమా ఏటమ్మా అని నన్నే అడిగాడు. అన్నయ్య నన్ను పక్కకు జరిపి, అప్పట్లో ఆ హాల్లోనే ఆడుతున్న సినిమాలో ఒక ఘట్టం చేసి చూపించాడు, తండ్రి కొడుకుని ఇంట్లోంచి పొమ్మనే ఘట్టం. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి అంతా చూశాడు. ఉదయం ఆటకు పాత సినిమా ఒకటి వేస్తానన్నాడు. అన్నయ్య ఇంకొకటి కూడా అడిగాడు, గోడ మీద ఒక దీపం కావాలని. ఆపరేటరు దానికి రేకు మూత కట్టి, వెలుగు ఒక్క మనిషి మీదే పడేట్టు అమర్చాడు.

చెప్పాల్సింది నేనే. తెర మీది మాటలు వినాలి కదా. అత్త చేసినట్టే ముందురోజు ఆ సినిమా చూసి వచ్చాను. వినపడని పిల్లల హాస్టలు వాళ్ళు మద్దిలపాలెం డిపో నుంచి అద్దెకు తీసుకున్న బస్సులో దిగారు. ఇంతమంది వినపడని పిల్లలు ఒక్కచోట ఉంటే నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. కాళ్ళతో బెంచీలు తన్నుకుంటూ, ఒకరినొకరు గిల్లుకుంటూ, హాలు ఎగిరిపోయేలా గోల చేశారు.

దీపం కింద నిలబడ్డాను. రెండు రీళ్ళు గడిచేసరికి పిల్లలు నన్ను చూడటం మానేశారు. నేను మాటకు మాట చెబుతున్నాను, కథ మాత్రం సాగడం లేదు. అన్నయ్య లేచి వచ్చాడు. నన్ను చీకట్లో తనకెదురుగా మొదటి బెంచీలో కూర్చోబెట్టి, దీపం కింద తను నిలబడ్డాడు. తెర వెలుగులో నా చేతులు అతనికి బాగానే కనిపించేవి. నేను ముక్కల్లో అందిస్తే అతను దాన్ని కథ చేసేవాడు. అనుమానం అని నేనంటే, అతను ఒక కనుబొమ్మ ఎత్తి, గడప దగ్గర ఆగి, లోపలికి రాకుండా వెనక్కి తిరిగేవాడు. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు.

మూగవాడి వేషం రానే వచ్చింది. అన్నయ్య తప్పించలేదు. ఇతను మనలాంటివాడట అని చెప్పి, తెర వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. పిల్లలు చూశారు. ముందు వరసలో రెండు జడల పిల్ల బెంచీ ఎక్కి, ఆ నటుడి చేతుల్ని అనుకరించి, అందులో ఒక్క మాటైనా లేదని, అతనికి ఏమీ రాదని అందరికీ చెప్పింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. వెనక కూర్చున్న మావయ్య ముందుకు వచ్చి ఏటయిందని నన్ను అడిగాడు. చెబితే ఆయనా నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం మావయ్య ఇంట్లోనే భోజనాలు. తిన్నాక ముగ్గురికీ వాదన వచ్చింది, చిన్నప్పుడు అత్త చెప్పిన ఒక సినిమా ఎలా ముగిసిందని. తల్లి తిరిగి వచ్చిందని అన్నయ్య. రాలేదు, కొడుకే ఓడెక్కి వెళ్ళాడని సాయిబు గారి అబ్బాయి. ఇద్దరూ కలిసి ఇల్లు కట్టుకున్నారని చేపల వాళ్ళ అమ్మాయి. ఏది నిజమని మావయ్య నన్నడిగాడు. ఆ సినిమా నేనూ చూశాను. ఆ మూడింట్లో ఒక్కటీ కాదు. అత్తే మార్చి చెప్పిందా, వీళ్ళే ఎవరికి వారు అలా చూసుకున్నారా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మరుసటి ఏడు మాలో ఎవరూ వెళ్ళి అడగకముందే మేనేజరు కబురు పంపాడు, ఏ సినిమా వెయ్యమంటారని. ఆ హాలు నడిచినన్నాళ్ళూ ఏడాదికొక ఉదయం ఆట అత్త పేరున పడింది.