సూదులున్నాయి సార్

నా మెడ కుడివైపుకు మాత్రమే తిరిగిన రోజులవి. ఎడమపక్క నుంచి ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషినే తిప్పుకోవాల్సి వచ్చేది. రాయదుర్గంలో బస్సు దిగి ఆఫీసు దాకా నడిస్తే గుండెదడ, కుర్చీలో కూర్చుంటే కడుపులో మంట, పడుకుంటే నిద్ర రాదు, లేస్తే తలనొప్పి. (ఇన్ని ఉన్నా మొహాన నవ్వు, మెడలో ఐడీ కార్డు మాత్రం చెక్కుచెదిరేవి కావు.) ఉద్యోగంతో పాటు ఒళ్లు కూడా కంపెనీదే అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెనకే కోపం వస్తుంది. నిజానికి కోపమే ముందు రావాలి.

మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు అర్జెంటు సారు. సర్వర్ పడిపోయినా ఆయనకు అర్జెంటే, రిపోర్టులో ఒక గీత కాస్త లావుగా ఉన్నా అర్జెంటే. ఫోన్ రెండోసారి మోగేలోగా ఎత్తాలన్నది ఆయన నియమం. ఒకసారి స్నానం చేస్తూ ఎత్తలేకపోయానని చెబితే, ఫోన్ బకెట్టు పక్కన పెట్టుకోవచ్చు కదమ్మా అన్నారు, ఎంతో శాంతంగా. దాంతో నేనొక తెలివైన పని చేశాను. ఫోన్ మోగగానే దానంతటదే ఎత్తుకునేలా సెట్టింగు మార్చేసి, వైరు లేని ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. గుళ్లో కూడా తీసేదాన్ని కాదు. ఎందుకంటే నా ఉద్యోగం పర్మినెంటు కావాల్సింది ఆ నెలలోనే, సంతకం పెట్టాల్సింది ఆయనే. ప్రొద్దుటూరులో మా నాన్న అప్పటికే అమ్మాయి పర్మినెంటైపోయిందని బజారంతా చెప్పుకున్నాడు.

తెల్లాపూర్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది పిన్నే. ఆయన పరీక్షలన్నీ చేయించి, పెద్ద జబ్బేమీ లేదు కానీ బీపీ ఎక్కువగా ఉందన్నాడు. ఒత్తిడి ఇలాగే నెలల తరబడి సాగితే నిద్ర, అరుగుదల, గుండె, అన్నిటి మీదా పడుతుందని చెప్పి, చిన్న మాత్ర రాసి, రోజూ నడవమన్నాడు. "మన ఇండ్లల్లో బీపీ అంటే ముసిలోళ్లకు వచ్చేది. నీకేం తొందరొచ్చిందమ్మే?" అంది పిన్ని, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో. మెడనొప్పికి మాత్రం బోరబండలో అక్యుపంక్చర్ సూదులు గుచ్చే ఆవిడ ఉందనీ, తన మోకాలు ఆవిడ దగ్గరే కాస్త కుదుటపడిందనీ చెప్పి, నన్ను అక్కడికీ తోలింది.

ఆవిడకు నేను పెట్టుకున్న పేరు సూదులక్క. (నాకు పేర్లు పెట్టే జబ్బు కూడా ఉంది, దానికి ఇంకా మందు దొరకలేదు.) ఆవిడ మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. "డాక్టరు చెప్పేదాక బీపీ గోలీ ఆపకు. ఈ సూదులతోని మెడ జర వదులు కావచ్చు, నిద్ర పట్టొచ్చు. నీ పరేషాన్ మొత్తం గుంజేసే సూది మాత్రం నా తాన లేదు బిడ్డా."

ఫోను లోపలికి తేకూడదన్నది అక్కడి నియమం. నేను బుద్ధిమంతురాలిలా బ్యాగు తలుపవతల బెంచీ మీద పెట్టాను, చెవిలోదాన్ని జుట్టు కింద దాచేశాను. సూదులక్క నా రెండు చేతులకీ, పాదాలకీ, కనుబొమల నడుమా సూదులు దించి, కదలొద్దంది. ఎవరి వల్ల ఇంతగా బిగుసుకుపోయావని అడిగితే, అర్జెంటు సారు కథంతా, పెట్టిన పేరుతో సహా చెప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే చెవిలో టింగుమంది. బయట ఫోన్ దానంతటదే ఎత్తుకుంది. అదీ మామూలు కాల్ కాదు. టీమంతా, క్లయింటు తరఫు వాళ్లు కూడా ఉన్న మీటింగులోకి సారు నన్ను లాగారు. కట్ చేద్దామంటే రెండు చేతులకూ సూదులు. నేను నోరు తెరిచేలోపే, ఇవేమీ తెలియని సూదులక్క అందుకుంది.

"ఇగ ఆ అర్జెంటు సారును మంచిగ మనసుల తెచ్చుకో. తెచ్చుకున్నవా? ఇప్పుడు గట్టిగ ఊపిరి ఇడ్సి, ఆయన్ని బైటికి ఊదెయ్యి."

అవతల ఎవరో దగ్గారు. అది నా పక్కసీటు కర్నూలు అబ్బాయి నవ్వు ఆపుకునే దగ్గని నాకు తెలుసు. సారు గొంతు సవరించుకుని, రిపోర్టులో నీలం రంగు ముదురుగా ఉందనీ, వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి లేతగా మార్చాలనీ చెప్పారు. అలవాటు కొద్దీ "సరే సార్" నాలుక చివరిదాకా వచ్చింది. లేవబోయాను కూడా. చేతిలో సూది చురుక్కుమంది. ఒక నీలం రంగు కోసం, ఒంటినిండా సూదులతో లేచి పరిగెత్తబోతున్నానా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

"సూదులున్నాయి సార్. తీసేదాకా రాను."

ఒక్క నిమిషం పనేనమ్మా అన్నారాయన.

"నీలం రంగు ఎక్కడికీ పోదు సార్. నా మెడే పోతుంది."

కాల్ కట్టయింది. సూదులక్క ఎవరితో మాట్లాడుతున్నానా అని నా జుట్టు తొలగించి చూసి, చెవిలోది పీకి తన కోటు జేబులో వేసుకుంది. "అయిందేదో అయింది, ఇగ పండుకో" అంది. ఉద్యోగం పోయిందని ఏడుద్దామనుకుంటూనే నిద్రపోయాను. గురక కూడా పెట్టానట.

ఉద్యోగం పోలేదు. పర్మినెంటు మాత్రం మూడు నెలలు వెనక్కి పోయింది, అందుబాటులో ఉండదని రాశారు. నాన్న ఆ మూడు నెలలూ బజారుకు మొహం చాటేసి తిరిగాడు. నేను మాత్రం ఆ సెట్టింగు తీసిపారేసి, వారం వారం బోరబండ వెళ్లాను. మెల్లగా మెడ ఎడమవైపుకూ తిరిగింది, బీపీ దిగింది. అది సూదుల చలవో, మాత్రదో, నడకదో, సూదులున్నంతసేపూ ఫోన్ ముట్టుకోకపోవడానిదో నాకిప్పటికీ తెలియదు. సూదులక్కను అడిగితే, ఏదైతేంది, మెడ తిరుగుతున్నదా లేదా అంది. ఈలోగా ఒకరోజు భోజనాల వేళ సారు ఫోన్ చేస్తే, కర్నూలు అబ్బాయి అన్నం కలుపుకుంటూ "సూదులున్నాయి సార్" అన్నాడు. ఆ మనిషి సూదిని చూస్తేనే కళ్లు తిరిగిపడే రకం. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. అందరి పర్మినెంటూ ఆపడం సారు వల్ల కూడా కాలేదు.

ఇప్పుడు అదే ఆఫీసులో నేనే టీమ్ లీడ్‌ని. మొన్న సాయంత్రం ఒక రిపోర్టు చూస్తుంటే ఏదో గీత లావుగా కనిపించింది. కొత్తగా చేరిన అమ్మాయికి ఫోన్ చేసి, అర్జెంటమ్మా అన్నాను. (అవును, నేనే అన్నాను.)

"సూదులున్నాయి మేడమ్, రేపు చూస్త" అంది.

ఎక్కడ వేయించుకుంటున్నావని అడిగాను. ఆ పిల్ల తడబడింది. నిజం సూదులు కాదట, డ్యూటీ అయిపోతే ఇక్కడ అందరూ అట్లనే అంటారట. ఎవరు మొదలుపెట్టారో తనకు తెలియదట. చెబుదామనుకుని ఆగిపోయాను. కనుబొమల మధ్య సూదితో కూడా రానని చెప్పిన అప్పటి పిల్ల, అంటే నేనే, ఒక్కసారి కళ్ల ముందు కదిలింది. దాన్ని నేను కాస్త మరిచిపోయినట్టున్నాను.

"సరే, తీసేదాకా కదలకు" అని ఫోన్ పెట్టేశాను. తర్వాత మెడను ఒకసారి ఎడమవైపుకు తిప్పి చూసుకున్నాను. తిరిగింది.