తొమ్మిదో ఫ్రేములో లేని తీగ

1988 డిసెంబరు. కామారెడ్డిలో నేను ఫోటో స్టూడియో పెట్టి అప్పటికి పదకొండేళ్లు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, గల్ఫ్‌కు పోయేవాళ్లు ఇంటిల్లిపాదితో దిగే గ్రూపు ఫోటోలు నా బతుకుదెరువు. తీరిక దొరికితే ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ని. నిమ్మకాయలోంచి నెత్తురు ఎలా కారుతుందో బడిపిల్లల ముందు చేసి చూపించేవాణ్ని. ‘ఆధారం ఏది?’ అని అడగడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆ ప్రశ్నను నేను ఎవరిని అడగడం మరిచిపోయానో ఆ డిసెంబరులో తెలిసింది.

మా ఊరి సతీష్ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ నలుగురు స్నేహితులతో కలిసి ఒక రాక్ బ్యాండ్ నడిపేవాడు. వాళ్ల కచేరి మన దగ్గర పెట్టించాలని యువజన సంఘం వాళ్లు ఆరు నెలలు వెంటపడ్డారు. అంతకుముందు కామారెడ్డిలో ఎలక్ట్రిక్ గిటార్ మోగినట్టు నాకు తెలియదు. వాల్‌పోస్టర్ చూసి రికార్డింగ్ డ్యాన్స్ అనుకున్నవాళ్లే ఎక్కువ. సంఘం అధ్యక్షుడు రాజిరెడ్డి ఎరువుల దుకాణం యజమాని. ముందు రోజే స్టూడియోకు వచ్చి, “సార్, ఫోటోలు మంచిగ రావాలె. గిసొంటిది మల్ల మనూరికి ఎప్పుడొస్తదో ఏమో” అని చెప్పిపోయాడు.

కార్యక్రమం సాయంత్రం ఆరింటికి. నేను మధ్యాహ్నం రెండింటికే మైదానంలో ఉన్నాను. కెమెరా పట్టినవాడు జనం కన్నా ముందు చేరాలి. వెలుతురు ఎటు నుంచి పడుతుందో, ఎక్కడ నిలబడితే ఎవరూ అడ్డం రారో ఖాళీ వేదిక చూసినప్పుడే తెలుస్తుంది. పైగా జనం వచ్చాక దొరకని ఫోటోలు కొన్ని ఉంటాయి. డ్రమ్ములు బిగించుకుంటున్న కుర్రాడు, తీగలు శ్రుతి చేసుకుంటూ కళ్లు మూసుకున్న గిటారు వాయించేవాడు, రెండు ట్రాక్టరు ట్రాలీలను కలిపి పలకలు పరిచి కట్టిన వేదిక. అసలు కచేరి ఫోటోల కన్నా ఇవే నాకు ఇష్టం.

మైక్‌సెట్ ఎల్లారెడ్డి ఊరి గఫూర్‌ది. కామారెడ్డిలో మైక్‌సెట్లు లేక కాదు. యాంప్లిఫయర్ లోపల ఏముంటుందో తెలిసిన మైకు మనిషి ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. వేదిక వెనకాల ఒక ఇనుప కడ్డీని నేలలోకి దిగగొట్టి, దాని చుట్టూ ఉప్పు నీళ్లు పోస్తున్నాడు. ఎందుకని అడిగాను.

“ఎర్తింగ్ సార్. వీళ్ల గిటార్ యాంప్లిఫయర్ డబ్బా వేరే, నా మైకు డబ్బా వేరే. గిటార్ డబ్బాకు ఒంట్ల జరంత కరెంటు లీకుంది, టెస్టర్ పెట్టి సూసిన. పిలగాడు గిటార్ పట్టుకొని మైకుకు మూతి పెడ్తే రెండిట్ల నడుమ వాడే తీగైతడు. అందుకే రెండిట్ని ఒక్కటే వైరుతోని కలిపి భూమిలకు ఇడుస్తున్న. అప్పుడేం కాదు.”

ఆ వైరు గిటారు పెట్టె నుంచి వేదిక అంచు మీదుగా వచ్చి, ముందువైపు వేలాడి, చుట్టూ తిరిగి కడ్డీకి చేరింది. గిటారు పెట్టెను పట్టుకున్న చివర మొసలి నోరులాంటి క్లిప్పు. నాలుగింటికి అన్నీ పెట్టి పాడి చూశారు. సతీష్ మైకుకు పెదాలు ఆనించి రెండు పాటలు పాడాడు. ఏమీ కాలేదు.

ఆ స్థలం రైసుమిల్లు లింబయ్యది. పెద్దమనిషి, మాటకారి. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని వచ్చాడు.

“గిదొక్కటి కొట్టుండ్రి. ఎవలకేం నష్టం.”

“కాయ కొడితే కరెంటొస్తదా లింబయ్యా?” అన్నాను.

“రాదు. కొట్టకుంటే పోతదేమో.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సంగీతానికీ కొబ్బరికాయకూ సంబంధమేమిటో పది నిమిషాలు వాదించాను. సతీష్ మొహమాటపడి, “వద్దులే తాతా” అన్నాడు. లింబయ్య కాయను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నేను ఖాళీ వేదిక ఫోటోలు తీశాను. ఐదు కావస్తోంది. ఎండ వాలి డ్రమ్ముల అంచులు మెరుస్తున్నాయి. మా పనిలో ‘ఫ్రేము శుభ్రం చేయడం’ అని ఒకటుంది. ఫోటోలో పడకూడనివి ముందే తీసేయడం. చాయ గ్లాసులు, ఎవరివో చెప్పులు, గోనెసంచి, తాడుముక్కలు తీసి పక్కన పెట్టాను. మళ్లీ కొన్ని తీశాను. ఇంతలో అతిథులు వచ్చారని రాజిరెడ్డి పిలిస్తే గేటు దగ్గరికి పరిగెత్తాను.

ఆరింటికి మొదటి పాట. సతీష్ గిటారు మీటి, మైకుకు నోరు ఆనించాడు. ఒక్క అరుపు. వెనక్కి విసిరేసినట్టు ట్రాలీ మీద నుంచి కింద పడ్డాడు. అది కూడా కచేరిలో భాగమే అనుకుని ముందు వరసలో కొందరు చప్పట్లు కొట్టారు. గఫూర్ ఒక్క దూకులో మెయిన్ ఫ్యూజు పీకేశాడు. సతీష్ పెదవి కాలింది, భుజం ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాక గఫూర్ వేదికంతా వెతికాడు. ఎర్తు తీగ గిటారు పెట్టెకు లేదు. వేదిక ముందు నేల మీద జనం కాళ్ల కింద నలిగి, చిక్కుపడి ఉంది.

మర్నాడు పొద్దున రాజిరెడ్డి దుకాణం ముందు నలభై మంది దాకా జమయ్యారు. నాలుగింటికి బాగున్నది ఆరింటికి ఎందుకు కొట్టిందని అందరి ప్రశ్న. లింబయ్య నా వైపు చూస్తూ, “నేనేం అనను. వద్దన్నోళ్లు పెద్దోళ్లు. కాయ మాత్రం నా ఇంట్లనే ఉంది” అన్నాడు. జనం తలలూపారు. నాకు ఒళ్లు మండింది. లేచి మాట్లాడాను.

“ఇందులో ఏ దేవత కోపమూ లేదు. ఎర్తు తీగ ఊడింది, షాక్ కొట్టింది. ఇది మనిషి నిర్లక్ష్యం. క్లిప్పు సరిగ్గా బిగించలేదు, అంతే.”

గఫూర్ ఒక మూల నిలబడి ఉన్నాడు. “బిగించిన సార్. ఈ చేతుల్తోనే బిగించిన” అన్నాడు.

“బిగిస్తే ఎట్లా ఊడుతుంది? బిగించావనడానికి ఆధారం ఉందా?”

ఆయన తన చేతులు చూసుకున్నాడు. “ఏమో సార్. బిగించిననే అనుకుంటున్న” అన్నాడు. ఆ ‘ఏమో’ వినగానే తప్పు ఎవరిదో సభలో తేలిపోయింది. ఇక గఫూర్‌ను కామారెడ్డిలో ఏ శుభకార్యానికీ పిలవొద్దని రాజిరెడ్డి గట్టిగా చెప్పాడు. నేను మూఢనమ్మకాన్ని ఓడించానన్న సంతృప్తితో ఇంటికి వెళ్లి భోంచేశాను.

మూడో రోజు మధ్యాహ్నం డార్క్‌రూములో ఆ ఫిల్ము కడిగాను. ముందు కాంటాక్ట్ షీట్ తీస్తాం. అంటే నెగెటివ్‌లన్నీ ఒకే కాగితం మీద పరిచి, అంతే చిన్న సైజులో అచ్చు తీయడం. భూతద్దంతో చూసి ఏది పెద్దది చేయాలో ఎంచుకుంటాం. ఎనిమిదో ఫ్రేము ఖాళీ వేదిక. గిటారు పెట్టె, దాని పై అంచుకు పట్టుకున్న క్లిప్పు, పలకల మీదుగా వేలాడే తీగ. స్పష్టంగా ఉంది. గఫూర్ బిగించాడు. తొమ్మిదో ఫ్రేము అదే చోటు నుంచి, అదే వేదిక. తీగ లేదు. ఒక మూల నేల మీద నా కెమెరా సంచి, దాని పక్కన చుట్టి పెట్టిన తీగ. గఫూర్ తీగల్ని గుండ్రంగా చుడతాడు. ఇది ఎనిమిది అంకెలా ఉంది. నా ఫ్లాష్ వైరును నేను బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టే తీరు అదే.

అప్పుడు గుర్తొచ్చింది. గోనెసంచి తీసిన చేత్తోనే అందమైన ఫోటోకు అడ్డమొచ్చిన ఆ తీగనూ పీకాను. మళ్లీ పెడదామనే అనుకున్నాను. రాజిరెడ్డి పిలిచాడు.

అబద్ధం చెప్పను. ఆ ఒక్క నెగెటివ్ ముక్కను కత్తిరిస్తే చాలుననే ఆలోచన నాకు వచ్చింది. దాన్ని చూసినవాడు లోకంలో నేనొక్కణ్నే. ఎన్నేళ్లుగానో బాబాలను, భూతవైద్యులను నిలదీసి ఆధారం అడిగినవాణ్ని, నాకు వ్యతిరేకంగా నా చేతిలోనే ఉన్న ఆధారం ముందు అరగంట సేపు కత్తెర పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆ రెండింటినీ పెద్ద సైజులో ప్రింటు తీసి, ఆరక ముందే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

గఫూర్ రేడియో రిపేరు దుకాణం ఇంటి ముందు గదిలోనే. తలుపు సగం వేసి ఉంది. ఆయన భార్య కుర్చీ వేస్తూ, “మూడు దినాలైంది, స్క్రూడ్రైవర్ ముట్టలే. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదంటడు. రేపొద్దున ఎవలన్న సచ్చిపోతే అంటడు” అంది.

గఫూర్ ఫోటోలను వెలుతురుకు పెట్టి చూశాడు. ఎనిమిదో ఫ్రేమునే చాలాసేపు చూశాడు. క్లిప్పు మీద వేలు పెట్టాడు.

“అంటే నేను పెట్టిన.”

“పెట్టావు భాయ్. తీసింది నేను.”

తొమ్మిదోది చూశాడు. నా ముఖం వైపు చూడలేదు. “నేను మరువలే” అని భార్యతో అన్నాడు. తర్వాత నాతో, “సార్, నాకెందుకు చెప్తున్నరు? నన్ను అన్నది నలభై మందిల అన్నరు. ఆడ చెప్పుండ్రి” అన్నాడు.

మళ్లీ అదే దుకాణం ముందు సమావేశం పెట్టమని రాజిరెడ్డిని అడిగాను. “అయిపోయిన ముచ్చట ఎందుకు సార్? మీ పేరు ఖరాబైతది” అన్నాడు. గఫూర్ పేరు ఖరాబైనప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. చివరికి తొమ్మిది మంది వచ్చారు. భుజానికి కట్టుతో సతీష్ కూడా వచ్చాడు. ఫోటోలు చేతులు మారాయి. నేను చేసింది చెప్పాను.

లింబయ్య మీసం దువ్వుకున్నాడు. “దేవుని చెయ్యి లేదంటివి. నిజమే సారూ, నీ చెయ్యే ఉన్నది.”

సతీష్ తొమ్మిదో ఫ్రేమును మంచి చేత్తో పట్టుకుని, కాలిన పెదవితో మెల్లగా, “ఫోటో మాత్రం నీట్‌గ వచ్చింది అన్నా” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అంతటితో సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు. పెళ్లిళ్ల కాలం వచ్చింది, గఫూర్‌కు కామారెడ్డి నుంచి ఒక్క పిలుపూ రాలేదు. విచారించాను. నలభై మంది విన్న నింద సదాశివనగర్ దాకా, తాడ్వాయి దాకా పోయింది. తొమ్మిది మంది విన్న నిజం ఆ దుకాణం అరుగు దిగలేదు. హేతువాదులం మేం ఒక పొరపాటు చేస్తాం. నిజాన్ని ఒకసారి రుజువు చేస్తే అదే నడిచి అందరి దగ్గరికీ పోతుందనుకుంటాం. నిజానికి కాళ్లు లేవు, అబద్ధం చెప్పినవాడే దాన్ని మోసుకు తిరగాలి.

స్టూడియో ముందు అద్దాల బీరువాలో కొత్త పెళ్లిజంటల ఫోటోలు పెడతాం, దారిన పోయేవాళ్లు చూసి లోపలికి రావాలని. వాటి నడుమ నుంచి రెండు తీసేసి ఎనిమిదో ఫ్రేమునూ తొమ్మిదో ఫ్రేమునూ పక్కపక్కన పెట్టాను. దాదాపు రెండేళ్లు అవి అక్కడే ఉన్నాయి. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు.

“గిదేంది సార్, మనిషి లేని ఫోటోలు పెట్టినవ్?”

“దీంట్లో తీగ ఉంది చూడు. దీంట్లో లేదు. ఎల్లారెడ్డి గఫూర్ పెట్టాడు, నేను తీసేశాను. ఒక పిల్లవాడు చావు తప్పించుకున్నాడు. నేను గఫూర్‌దే తప్పని చెప్పాను.”

కొందరు నవ్వేవారు, కొందరు ఇబ్బందిగా తల తిప్పుకునేవారు. ఒక ముసలి రైతు మాత్రం రెండు ఫోటోలూ తేరిపార చూసి, ఆ గఫూర్ ఇప్పుడు కూడా మైకు కడుతున్నాడా అని అడిగాడు. కడుతున్నాడన్నాను.

“వచ్చే నెల బిడ్డ లగ్గముంది. ఆయన అడ్రసు రాసియ్యి” అన్నాడు.

నేను రాసిచ్చాను.