కళ్లు తెరిచి ప్రార్థన చేసే మామయ్య

మా మామయ్య ప్రార్థనలో కళ్లు మూసుకోడు. ఎందుకని అడిగితే, "అందరూ మూసుకుంటే చూసేదెవర్రా?" అంటాడు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. కిలో రాయి కనబడితే అడుగున సీసం తోడేశారేమోనని తిరగేసి చూసే చెయ్యి ఆయనది. కాఫీ ఎప్పటికంటే బాగుంటే, ఇవాళ నీకేం కావాలని అత్తయ్యను నిలదీస్తాడు.

ఇలాంటి మనిషిని పరాయి దేశంలో పది రోజుల ప్రార్థన యాత్రకు తీసుకెళ్లడానికి మా సంఘం నాలుగేళ్లు జంకింది. ఆయన ఏటా పేరు ఇచ్చేవాడు, వాళ్లు ఏటా పక్కన పెట్టేవారు. అలా పక్కన పెట్టిన రోజున మామయ్య అన్నం సగంలో లేచిపోయేవాడు. ఐదో ఏడు నేను పూచీ పడితే పాస్టరుగారు ఒప్పుకున్నారు. పాస్టరుగారు, ఆయన భార్య, ఒక నర్సు, మామయ్య, నేను, మొత్తం ఐదుగురం బయలుదేరాం. విమానాశ్రయంలో సామాను తూచే యంత్రానికి ఆఖరిసారి ముద్ర ఎప్పుడు వేయించారని మామయ్య కౌంటరులోని అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల తన పై అధికారిని పిలిచింది. ఆయన్ను కూడా అదే అడిగాడు.

అక్కడ మాకు బస ఇచ్చినావిడ డెబ్బై దాటిన వితంతువు. మేడమీద గదులు రెండూ మాకిచ్చి, తనకు కింద గది ఉందని చెప్పింది. ఆవిడ మాట మాకు, మా మాట ఆవిడకు చేరవేయడానికి ఒక బస్సు డ్రైవరు వచ్చేవాడు. మనవాడే, అక్కడ స్థిరపడ్డాడు. అతన్ని దుబాసీ అని పిలిచేవాళ్లం. పాస్టరుగారు పావుగంట ప్రసంగిస్తే అతను రెండు వాక్యాల్లో తేల్చేసేవాడు. మిగతా సరుకు ఎక్కడికి పోయిందని మామయ్య నన్ను గిల్లి అడిగేవాడు.

రోజూ పొద్దున ఇంటావిడ నడుంనొప్పి కోసం ప్రార్థించి, ఆ తరువాతే వీధుల్లోకి వెళ్లేవాళ్లం. ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి, భుజాల మీద చేతులుంచి, కళ్లు మూసుకునేవాళ్లం. మూడో రోజుకల్లా మామయ్య అనుమానం ఆవిడ మీదికి మళ్లింది. బట్టలుతికే గదికి ఆవిడ ఎప్పుడూ తాళం వేస్తోందట. మురికి బట్టలకు తాళం ఎందుకట. ఆ మాట దుబాసీతోనే అడిగించబోయాడు. పాస్టరుగారు ఆపి, నిదానంగానే చెప్పారు.

"ఇంకొక్క అనుమానం బయటికొచ్చిందంటే, మిమ్మల్ని ఇక ఏ యాత్రకూ తీసుకెళ్లనండీ."

మామయ్య మూడు రోజులు నోరు మెదపలేదు. లోపల ఎంత ఉడికిపోయాడో నాకే తెలుసు. ఆరో రోజు పొద్దున పాస్టరుగారి ప్రార్థన నడుంనొప్పి నుంచి ప్రపంచశాంతికి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. నా పక్కన చోటు ఖాళీ అయినట్టనిపించి ఒక కన్ను తెరిచాను. మామయ్య లేడు. ఆమేన్ అనే వేళకు వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. దుబాసీని పెరట్లోకి తీసుకెళ్లి ఏదో మాట్లాడి వచ్చి, అందరి ముందూ పాస్టరుగారితో అన్నాడు.

"నాకీ ఇంటి మీద నమ్మకం లేదండీ. ఇవాళే చర్చి హాలుకు మారిపోదాం. లేదంటే నేను ఇంటికి పోతాను."

పాస్టరమ్మగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కన్నతల్లిలా చూసుకుంటున్న మనిషిని ఇంత మాట అంటారా అని నర్సు మండిపడింది. పూచీ పడ్డ పాపానికి నా తల కొట్టేసినట్టయింది. పాస్టరుగారు మాత్రం, ఇదే మీకు ఆఖరి యాత్ర అన్నారు. మామయ్య తల ఊపి, పెట్టెలు కిందికి దించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికల్లా చర్చి హాలులో గచ్చు మీద చాపలు పరుచుకున్నాం.

నేను మరిచిపోయిన ప్రార్థనల పుస్తకం కోసం సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాను. దుబాసీ బట్టలుతికే గదిలోంచి రెండు కుర్చీలు మోసుకొస్తున్నాడు. ఇవెందుకని అడిగితే, ఆరు రోజులుగా ఇంటావిడ పక్క ఇదేనండీ అన్నాడు. ఒక కుర్చీలో కూర్చుని, రెండోదాని మీద కాళ్లు చాపుకునేదట. ఆ ఇంట్లో ఉన్న పడకలన్నీ మాకే ఇచ్చేసింది. ఇప్పుడు మేడమీద తన మంచం మీద ఒళ్లెరగకుండా నిద్రపోతోందట. ఉపవాస ప్రార్థన కోసం మేం చర్చికి దగ్గరగా వెళ్లాలని ఆవిడతో చెప్పాడట. అలా చెప్పమన్నది మామయ్యే. పొద్దున ప్రార్థన వేళ ఆ గది కిటికీలోంచి తొంగి చూసి, కుర్చీల మీద దిండూ దుప్పటీ కనిపెట్టింది కూడా ఆయనేనట.

హాలుకు పరిగెత్తుకొచ్చి మామయ్యను మూలకు లాగాను.

"ఆ సంగతి పాస్టరుగారికి చెప్పొచ్చు కదా మామయ్యా?"

"చెబితే ఆయన ఊరుకుంటాడా? వెళ్లి ఆవిడకు క్షమాపణ చెబుతాడు. ముసలావిడ అంత గుట్టుగా దాచుకుంది, సిగ్గుతో చచ్చిపోదూ? ఆవిడ మంచం మీద మనం పడుకుని, ఆవిడ నడుంనొప్పి తగ్గించమని దేవుణ్ణి పీకుతున్నాంరా."

"మరి నీ యాత్రలు?"

"నన్ను తిట్టుకోవడం వాళ్లకు అలవాటే. నువ్వు నోరు మూసుకో."

పదో రోజు మమ్మల్ని సాగనంపడానికి ఇంటావిడ నిటారుగా నడిచి వచ్చింది. నడుంనొప్పి పోయిందని చెప్పింది. పాస్టరుగారు ఆనందం పట్టలేక, చూశారా, విశ్వాసం అంటే ఇదీ అని మామయ్య వైపు తిరిగి మరీ అన్నారు. మామయ్య బుద్ధిగా ఆమేన్ అన్నాడు. నేను ఇక ఆగలేక నలుగురిలోనే ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాను. ఆయన ముందు జేబులో పాస్‌పోర్టు ఉందో లేదో తడిమి చూసుకుని, తరువాత నా వీపు నిమిరాడు.