తలుపు మూసి విన్న వీణ

ఈ రోజు మధ్యాహ్నం నుంచి నా మీద నాకే అనుమానంగా ఉంది. మంగళవాడ బడికి మేష్టరుగా వచ్చిన ఏడాదే నేను గ్రామఫోను కొన్నాను. వీణ అంటే ప్రాణమని ఊరందరికీ చెప్పుకున్నాను.

ఇవాళ బడి చూడడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు కాఫీకి మా ఇంటికి వచ్చారు. వెంటనే వీణ రికార్డు పెట్టి, కళ్లు మూసుకుని తల ఊపుతూ కూర్చున్నాను. రెండో వైపు కూడా తిప్పి పెట్టాను. అది సగంలో ఉండగా ఆయన మెచ్చుకుని లేచారు. ఆయన జట్కా వీధి మలుపు తిరగకముందే నేను రికార్డు ఆపేశాను.

మా వసారాలో శనక్కాయలు ఒలుస్తున్న పనిమనిషి నరసమ్మ ఇదంతా చూసింది.

"అయ్యోరా, పాట ఇంకా అయిపోలేదు కదా, ఎందుకు నిలిపినారు?"

"ఆయన వెళ్లిపోయారు కదమ్మా," అనేసి నాలుక కరుచుకున్నాను.

"అట్లయితే ఆ పాట మీకు కాదా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. తెలియకే అడిగింది.

సాయంత్రం తలుపు మూసుకుని అదే రికార్డు మళ్లీ పెట్టాను. చాలాసేపు మనసు రేపటి పాఠాల మీదే తిరిగింది. చివర్లో ఒకచోట తీగ సన్నగా సాగింది, పాఠాల సంగతే మరచిపోయాను. నాకు నిజంగానే సంతోషం వేసింది. ఆ సంతోషంలో లేచి వెళ్లి వీధి వైపు కిటికీ బార్లా తెరిచాను. గాలి కోసమే తెరిచానని ఇప్పటిదాకా నన్ను నేను నమ్మించుకోలేకపోయాను.

ఎవరూ లేనప్పుడు మీరేం వింటారో కాస్త నిజం చెప్పండి.