కదపకమ్మ

ల్యాబులో ఆమెకు అందరూ పెట్టిన పేరు కదపకమ్మ. మొక్కల వైరస్ ప్రొటీన్‌ను పల్చటి పొర సంచిలో పోసి, మూతి బిగించి, కాస్త పులుపెక్కించిన నీళ్లలో వేలాడదీస్తుంది. ఆ పులుపు లోపలికి చేరేకొద్దీ ప్రొటీన్ ముక్కలు వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని, అచ్చం వైరస్ ఆకారంలో బోలు బంతులవుతాయి. కుదిపితే మాత్రం విరిగిన పాలే. అందుకే చేతులు వెనక్కి కట్టుకుని కాపలా కాస్తుంది. ఎవరు దగ్గరకొచ్చినా "కదపకమ్మా, కదపకు నాయనా" అంటుంది.

ఇంట్లో మాత్రం ఆ చేతులు ఒక్కచోట నిలవవు. ఆ సాయంత్రం బడి నుంచి ముఖం ముడుచుకుని వచ్చిన కూతురు మంచం మీద వాలి గోడవైపు తిరిగింది. ఆమె పిల్ల జుట్టు సవరించింది, దుప్పటి సర్దింది, పాలు తెచ్చింది. "ఏమైందే? ఎవరేమన్నారు? నేనొచ్చి మాట్లాడనా?"

"ఇప్పుడు నన్ను కదపకమ్మా!" అంది పిల్ల, దిండులో ముఖం దాచుకుని.

తల్లికి ల్యాబులో ఆ పేరుందని పిల్లకు తెలియదు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని మంచం చివర కూర్చుంది. పాల మీద మీగడ కట్టింది. చాలాసేపటికి పిల్ల తనంతట తనే జరిగి జరిగి వచ్చి, ఆమె ఒడిలో తల పెట్టుకుంది. నిమరబోయిన చేతిని ఆమె మళ్లీ వెనక్కి లాక్కుంది.