తాడు పిన్ని కొత్త పని

ఆ కాలనీలో గడ్డి కోసే ఆయన ఎవరయ్యా అంటే పెద్దవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారేమో గానీ, తాడు పిన్ని ఎవరంటే చంటి వెధవలు సైతం చెయ్యెత్తి చూపించేస్తారు. ఆయన భార్యే ఆవిడ. గడ్డి కోసే పెట్రోలు మిషనుకు పక్కన ఒక తాడు ఉంటుంది కదా, దాన్ని ఒక్క ఊపున గుంజితే గానీ ఇంజను లేవదు. ఆ గుంజడమే ఆవిడ ఉద్యోగం. లేపేది ఆవిడ, తోసేది ఆయన. ఒక్క మిషనుకు ఇద్దరు మనుషులా అని నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వి నవ్వి వాళ్లే అలిసిపోయారు.

మొదట్లో ఆయన ఒక్కడే వెళ్లేవాడు. కంచె మొక్కలు కత్తిరిస్తూ నిచ్చెన మీంచి పడి కుడి భుజం చెడగొట్టుకున్నాడు. కట్టు విప్పాక ఆ చెయ్యి తోయడానికి పనికొచ్చింది గానీ గుంజమంటే మొరాయించింది. "నేనొచ్చి లాగి పెడతాను, పదండి," అందావిడ. నాలుగు రోజుల ముచ్చటే అనుకుంది. తీరా చూస్తే అదే ఆవిడ జీవితమైపోయింది.

అంతకుముందు ఆవిడకు రెండు గదుల ఇల్లు, వంటగదికో కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా పక్కింటివాళ్ల గోడ. తలెత్తితే గోడ, దించితే గిన్నెలు. ఇప్పుడో! ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఉత్తుత్తినే అరుస్తుందో ఆవిడకు తెలుసు. ఎవరింటి గొట్టం కారుతోందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్లి మళ్లీ తనంతట తనే వచ్చేసిందో తెలుసు. మూలమీద ఇంట్లో ఒక టీచరమ్మ ఉంది, రిటైరై ఒంటరిగా ఉంటోంది. తాడు గుంజేసి ఆ ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఇద్దరికీ కబుర్లే కబుర్లు. మధ్యలో మిషను ఆగిపోతే ఆయన చెయ్యెత్తుతాడు, ఈవిడ లేచి వెళ్తుంది. ఆ మోతలో మాటలు ఎలాగూ వినపడవు. తోస్తున్నంతసేపూ ఆయన పెదాలు మాత్రం కదులుతూనే ఉంటాయి. ఇంట్లో ఏదడిగినా "ఊఁ" తప్ప పలకని మనిషి కాబట్టి, మిషన్ని తిట్టుకుంటున్నాడు కాబోలనుకునేది.

ఇలా సాగిపోతుండగా ఒక సాయంత్రం కూతురు వచ్చింది. పనిముట్లు అమ్మే కొట్లో పనిచేస్తుందా పిల్ల, తల్లిదండ్రులంటే ప్రాణం.

"నాన్నా, ఆ పాతది ఇంకెన్నాళ్లు ఈడుస్తావు? మా కొట్లోకి బ్యాటరీ మిషన్లొచ్చాయి. పొగ లేదు, తాడు లేదు. మీట నొక్కితే చాలు. అమ్మ ఇంక ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు."

ఆ ఆఖరి మాటతో ఆవిడకు రెండు గదులు, కిటికీ, గోడ కళ్ల ముందు ఆడాయి. పైకి మాత్రం బ్యాటరీ మీద విరుచుకుపడింది.

"మన సెల్‌ఫోనే సాయంత్రానికి చస్తోంది, గడ్డి కోసేదేం బతుకుతుందే? సగం లాన్ కోసి ఛార్జింగ్ పెట్టుకు కూర్చుంటే, సగం క్షవరం చేసి వదిలేసినట్టుంటుంది."

"రెండో బ్యాటరీ ఇస్తారమ్మా."

"తడిగడ్డిలో ముందుకు కదలదు."

"పెట్రోలు వాసనకు తలనొప్పి అని నువ్వేగా రోజూ అంటావు?"

"ఇప్పుడు అలవాటైపోయింది. బాగానే ఉంటుంది."

కూతురు తల పట్టుకుంది. తాడు గుంజే మనిషే తాడు కావాలంటే ఏం చేస్తాం చెప్పండి. ఇక ఆయనే తేల్చాలి. ఆయన తన పక్షమేనని ఆవిడకు కొండంత ధైర్యం. ఆయన మాత్రం కంచంలోకి చూస్తూ, "బ్యాటరీదే తీసుకుందాం," అన్నాడు.

అంతే. ఆ పూట గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగాయి. నాతో పని తీరిపోయిందన్నమాట, అనుకుందావిడ. ఊరికే వెంట వెళ్లొచ్చుగా అంటారేమో, ఆవిడ సంగతి మీకు తెలియదు. చేతిలో పని లేకుండా మొగుడి వెనకాల తోకలా తిరగమంటే చచ్చినా తిరగదు. అలాంటి పొగరు ఆవిడది. ఆ పొగరే నాకు ముద్దు.

కొత్త మిషను ఇంటికొచ్చింది. "ఇదిగో నాన్నా, ఈ ఎర్ర తాళం ఇక్కడ పెట్టి తిప్పాలి. లేకపోతే ఎంత నొక్కినా కదలదు," అని కూతురు చూపించింది. ఆవిడ వంటగదిలోంచి అంతా విన్నది, ఏమీ విననట్టు ఉల్లిపాయలు తరిగింది. కళ్లు తుడుచుకోవడానికి ఉల్లిపాయలున్నాయి కదా, ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆవిడ చెప్పులు వేసుకోలేదు. ఆయన ఒక్కడే మిషను తోసుకుని గేటు దాకా వెళ్లాడు. కాసేపటికి వెనక్కొచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"స్టార్టవడం లేదు."

"మీట నొక్కండి."

"నొక్కాను. నువ్వొచ్చి చూడు."

చేతులు తుడుచుకుంటూ విసవిసా వెళ్లింది. వంగి చూసింది. తాళం పెట్టే చోటు ఖాళీ. తలెత్తితే ఆయన చొక్కా జేబులోంచి ఎర్రగా తొంగి చూస్తోంది తాళం.

"జేబులో అదేంటి?"

ఆయన తాళం తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. నేనైతే పారేస్తాను."

తుప్పు పట్టిన మేకు కూడా డబ్బాలో దాచుకునే మనిషి ఆయన.

"తాళం తిప్పడానికో మనిషా? జనం నవ్విపోతారు."

"తాడు లాగితే నవ్వలేదా? నవ్వనీ." ఆవిడ కుడిచేతి వైపు చూసి, "చెంబు ఎడమచేత్తో ఎత్తుతున్నావు. చాలా రోజుల్నించి చూస్తున్నాను. అందుకే మిషను మార్చాను. నిన్ను రావద్దన్నానా?" అన్నాడు.

ఆవిడ కుడి మోచెయ్యి తడుముకుంది. ఎవరికీ తెలియదనుకున్న నొప్పి అది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"కోస్తున్నప్పుడు. రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. ఆ మోతలో నీకు వినపడదు కాబట్టి ధైర్యంగా చెబుతాను."

ఆవిడ తాళాన్ని ఇంటి తాళాల గుత్తికి తగిలించుకుని, లోపలికెళ్లి చెప్పులు వేసుకుంది.

టీచరమ్మ ఇంట్లో ఆవిడే తాళం పెట్టి తిప్పింది. మిషను సన్నగా గుర్రుమంది. అంత చిన్న చప్పుడేమిటని ఆవిడకే నమ్మకం కలగలేదు. ఎప్పటిలాగే వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

"ఇంకేమిటమ్మా విశేషాలు?" అంది టీచరమ్మ.

లాన్ అవతలి అంచున ఆయన మలుపు తిరిగాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఒక్క నిమిషం ఉండండి టీచరమ్మా," అంది తాడు పిన్ని, అటే చెవి పెట్టి. "ఆయన నాతో ఏదో అంటున్నారు."